సన్నధార

ఆర్మూర్ మార్కెట్‌కు పసుపు దిగే నెలల్లో ముత్తెమ్మ అరచేతులు పచ్చగా ఉండేవి. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో, చేతి గీతల్లో ఆ రంగు మిగిలిపోయేది. అన్నం కలిపితే ముద్దకు అంటేది. కొడుకు సంతోష్ చిన్నప్పుడు అతని బడి చొక్కా భుజాల మీద అంటేది. ఆమెకు అది మురికి అని ఎన్నడూ అనిపించలేదు. పని చేసిన చెయ్యి అట్లాగే ఉంటుందని అనుకునేది.

అడ్తి వ్యాపారి షెడ్డులో పసుపు ఏరడం ఆమె పని. కొమ్ము ఒక పక్కకు, గడ్డ ఒక పక్కకు, పుచ్చింది ఇంకో పక్కకు. తల ఎత్తకుండా ఏరుతుందని పేరుండేది కాబట్టి పని లేదనే రోజు ఆమెకు తక్కువ. పసుపు అయిపోయాక మక్క కంకులు విరవడానికి ఆడవాళ్లతో కలిసి జక్రాన్‌పల్లి వైపు ఆటోలో పోయేది. భర్త గంగాకిషన్ మార్కెట్ యార్డులో హమాలీ. మాట తక్కువ మనిషి. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, భార్య వడ్డించేదాకా గోడకు ఆనుకుని కూర్చునేవాడు.

కరోనా రెండోసారి వచ్చిన ఏడు కూడా ముత్తెమ్మ పని మానలేదు. పొద్దంతా పసుపులో కూర్చునేవాళ్లకు ఆ రోగం అంటదని షెడ్డులో ఆడవాళ్లంతా చెప్పుకున్నారు. ఆమె కూడా నమ్మింది. ఒకరోజు కుప్ప ముందు కూర్చుంటే ముక్కుకు పసుపు వాసన తగలలేదు. ఒంట్లో కొంచెం నలతగా ఉంది, అంతే. మరునాడూ పనికి పోయింది. ఇంటికొచ్చి వండింది, భర్తకు వడ్డించింది. వాసన రాని సంగతి ఎవరితోనూ అనలేదు. అనడానికి ఏముందని అనుకుంది.

ఆ వారంలోనే గంగాకిషన్‌కు జ్వరం పట్టుకుంది. ఊపిరి ఆడడం లేదని నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. తలుపు లోపలికి పోయేముందు అతను వెనక్కి తిరిగి, బీడీ కట్ట జేబులోనే ఉండిపోయిందని తీసి ఆమె చేతికిచ్చాడు. మళ్లీ ఆమె అతన్ని చూడలేదు. శవాన్ని అక్కడినుంచే తీసుకుపోయారు.

అప్పుడు ఊరంతా చేతులు కడుగుతోంది. గడప దగ్గర బకెట్, సబ్బు లేని ఇల్లు లేదు. కొన్నాళ్లకు అందరూ మరిచిపోయారు. బకెట్లు మళ్లీ బాత్రూముల్లోకి పోయాయి. ముత్తెమ్మ మాత్రం మానలేదు.

మొదట్లో మోచేతుల దాకా కడిగేది. బయటనుంచి వస్తే స్నానం చేసేది. ఇరుగుపొరుగు దాన్ని శుభ్రం అనే అనుకున్నారు. మళ్లీ పసుపు కాలం వచ్చినప్పుడు షెడ్డుకు పోయింది. సాయంత్రం వచ్చి చేతులు కడగడం మొదలుపెట్టి, ఆ పచ్చదనం పోనంతవరకూ కడుగుతూనే ఉంది. పసుపు అంత తేలిగ్గా పోయేది కాదు. రెండో రోజుకు వేళ్ల మీద తోలు లేచింది. మూడో రోజు పనికి పోలేదు. ఆ తర్వాత షెడ్డువాళ్లు ఎన్నిసార్లు కబురు చేసినా పోలేదు. పచ్చగా ఉన్న చెయ్యి కడిగిందో లేదో ఎట్లా తెలుస్తుంది అన్నది ఆమె బాధ. ఆ మాట పైకి చెప్పలేదు. నడుము నొప్పి అని చెప్పింది.

సంతోష్‌కు ట్రాక్టర్ల షోరూంలో పని దొరికింది. ధర్పల్లి అమ్మాయి యమునతో పెళ్లయింది. పెళ్లికి ముందు అతను పాత బాత్రూం పడగొట్టి, గోడలకు టైల్స్ వేయించి, పైన షవర్ పెట్టించాడు. తల్లి జీవితమంతా చెంబులతో పోసుకుంది, ఇప్పుడైనా సుఖపడుతుందని అతని ఆలోచన. ఆ షవర్ వచ్చాకే ఇంట్లో నీళ్ల కష్టం మొదలైంది.

బకెట్‌కు ఒక అంతు ఉంటుంది. నిండుతుంది, అయిపోతుంది. షవర్‌కు అది లేదు. ముత్తెమ్మ పొద్దున తలుపేసుకుంటే టాంకీలో నీళ్లు అడుగంటేదాకా బయటికి వచ్చేది కాదు. వచ్చేసరికి వేళ్ల చివర్లు ముడతలు పడి, తెల్లగా ఉబ్బి ఉండేవి. పెదవులు నల్లబడేవి. మధ్యాహ్నం వీధిలోకి పోయి కూరగాయల బండి అతనితో మాట్లాడి వస్తే మళ్లీ తలుపు పడేది.

బోరు ఒక్క వాళ్లదే కాదు. గంగాకిషన్, అతని అన్న హన్మాండ్లు ఇంటి జాగాను పంచుకున్నప్పుడు మధ్యలో ఉన్న బోరును ఉమ్మడిగా ఉంచుకున్నారు. మోటారు స్విచ్ హన్మాండ్లు గోడకు ఉంది. ఆయనకు కోపమెక్కువ. తమ్ముడు పోయాక ఇంకా ఎక్కువైంది. తమ్ముడిని ఎత్తుకుపోయి మట్టి వెయ్యలేకపోయానని తాగినప్పుడు ఏడ్చేవాడు. తాగనప్పుడు ముత్తెమ్మ వైపు చూసేవాడు కాదు. పొద్దంతా సబ్బు నురగతో పారే మోరీని మాత్రం చూసేవాడు.

ఆ ఎండాకాలం బోరు మొదటిసారి గాలి పట్టింది. మోటారు వేస్తే నీళ్లు కాసేపు వచ్చి, దగ్గినట్టు చప్పుడు చేసి ఆగిపోయేవి. హన్మాండ్లు గేటు దగ్గరికి వచ్చి సంతోష్‌ను పిలిచాడు.

“మీ అమ్మ జలకానికే ఒక బోరు గావాలెరా. నేను పొద్దున మొకం కడుగుదామంటే చుక్క లేదు. నువ్వన్న చెప్పు, లేకుంటే మోటారుకు నేనే తాళమేస్త.”

సంతోష్ ఆ సాయంత్రం ఫోన్‌లో వీడియోలు చూశాడు. ఇంట్లో నీళ్లు మిగిల్చే పద్ధతులు చాలామంది చెబుతున్నారు. నల్లా మూతికి బిగించే చిన్న జాలీ బిళ్ళ ఒకటుంది, అది నీటిలో గాలి కలిపి నురగలా వదులుతుంది. షవర్ లోపల పెట్టే రబ్బరు బిళ్ళ ఒకటుంది, నడుమ సన్నని రంధ్రం మాత్రమే ఉంటుంది. నీళ్లు సగానికి తగ్గినా వాడేవాళ్లకు తేడా తెలియదని వీడియోలో చెప్పారు. మరునాడే కొని తెచ్చి వంటింటి నల్లాకు, బయటి నల్లాకు, షవర్‌కు తానే బిగించాడు.

వంటింట్లో అది బాగానే పనిచేసింది. గిన్నెలు తోముతుంటే నీళ్లు చింది మీద పడడం తగ్గిందని, కడిగినంత కడిగి మిగిలిన నీళ్లు టాంకీలో ఉంటున్నాయని యమున అంది. బియ్యం కడిగిన నీళ్లు ఆమె ఎప్పుడూ వృథాగా పారబోయదు, కరివేపాకు మొదట్లో పోస్తుంది. ఇల్లంతా చూసుకుంటే ఖర్చు తగ్గినట్టే ఉంది. బాత్రూంలో మాత్రం తగ్గలేదు. షవర్ నుంచి సగం నీళ్లు వస్తుంటే ముత్తెమ్మ రెండింతల సేపు నిలబడింది.

సంతోష్ టాంకీ నుంచి ఇంట్లోకి వచ్చే పైపుకు గోడలో ఉన్న గేట్ వాల్వ్‌ను సగం మూశాడు. అదీ చాలక ఇంకొంచెం మూశాడు. చివరికి షవర్ నుంచి జల్లు పోయి, దారంలాంటి ధార ఒకటి మిగిలింది. ముత్తెమ్మ ఆ దారం కింద నిలబడి ఒక్కో వేలు కడుక్కునేది. ధార సన్నబడితే ఒంటి మీద సబ్బు పోదు. పోకపోతే మళ్లీ మొదటినుంచి కడగాలి. ఆమెకు ఒక వరుస ఉంది. ముందు కుడి చెయ్యి, వేళ్లు, వేళ్ల సందులు, మణికట్టు, తర్వాత ఎడమ చెయ్యి, ఆ తర్వాత మొహం. నడుమ ఎక్కడ తప్పినా మొదటికి వస్తుంది. బయట సంతోష్ తలుపు మీద కొట్టి ఇంకా ఎంతసేపు అని అరిచేవాడు. అరిచిన ప్రతిసారీ వరుస తప్పేది.

ఈ సంగతి కనిపెట్టింది యమున. పెళ్లయిన కొత్తలో అత్త తీరు చూసి ఆమె భయపడింది, తర్వాత విసుక్కుంది, పుట్టింటికి ఫోన్ చేసి చెప్పుకుని ఏడ్చింది. కానీ రోజూ వంటింట్లో ఉండి చప్పుళ్లు వినేది ఆమె. సంతోష్ షోరూంకు పోయిన రోజుల్లో నీళ్ల చప్పుడు తొందరగా ఆగుతోందని, అతను ఇంట్లో ఉన్న ఆదివారాల్లో ఎంతకూ ఆగడం లేదని ఆమెకు అర్థమైంది. భర్తతో చెప్పి చూసింది. అమ్మను వెనకేసుకొస్తున్నావా అని అతను నవ్వాడు. ఆ నవ్వులో ఏడుపు ఉంది.

ఒక సోమవారం హన్మాండ్లు అన్నంత పనీ చేశాడు. మోటారు స్విచ్ చుట్టూ డబ్బా పెట్టి తాళం వేశాడు. సంతోష్ పెదనాన్నతో తగవు పెట్టుకోకుండా, ఉన్న కోపమంతా తల్లి మీద చూపించాడు. గేట్ వాల్వ్ పూర్తిగా కట్టేసి, పిడి ఊడదీసి జేబులో వేసుకుని పనికి పోయాడు. యమున ఆ రోజు చుట్టాల పెళ్లికి నందిపేట్ పోయింది. తాగడానికి రెండు బిందెలు వంటింట్లో ఉన్నాయి కదా, ఒక్కరోజు ఓర్చుకుంటుందిలే అని ఇద్దరూ అనుకున్నారు.

యమున సాయంత్రం వచ్చేసరికి అత్త వాకిట్లో గచ్చు మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒంటికి తగలకుండా ముందుకు చాపి పెట్టుకుంది. వండిన అన్నం వండినట్టే ఉంది. తాగే బిందెలను ముట్టుకోలేదు, ముట్టుకుంటే ఆ నీళ్లు ఇంట్లో వాళ్లు తాగుతారు కాబట్టి. పక్కన కరోనా నాటి బ్లీచింగ్ పౌడర్ సంచి విప్పి ఉంది. నీళ్లు లేవు గనక ఆ పొడితోనే చేతులు రుద్దుకుంది. పగిలిన చర్మంలోకి అది దిగి, చేతులు మణికట్టు దాకా ఎర్రగా పొక్కి ఉన్నాయి. అక్కడక్కడా తోలు ఊడి వేలాడుతోంది.

“మంటగా లేదా అత్తమ్మా?” అని యమున అడిగింది.

“ఉన్నది. ఉంటేనే మంచిగుంది,” అంది ముత్తెమ్మ.

యమున తాగే బిందె తెచ్చి, ఆ నీళ్లు చేతుల మీద పోసింది. పోస్తూ పోస్తూ ఏడ్చింది. ముత్తెమ్మ మాత్రం ఏడవలేదు. నీళ్లు తగలగానే కళ్లు మూసుకుంది.

ఆర్మూర్ దవాఖానలో చేతులకు కట్లు కట్టారు. తడి తగలకూడదన్నారు. కట్లు కట్టిన డాక్టరు యమునను పక్కకు పిలిచి, ఇది చర్మం రోగం కాదని, నిజామాబాద్‌లో మనసుకు వైద్యం చేసేవాళ్లకు చూపించమని చెప్పాడు. సంతోష్ మొదట ఒప్పుకోలేదు. మా అమ్మకు పిచ్చి అంటారా అన్నాడు. గేట్ వాల్వ్ పిడి ఇంకా అతని జేబులోనే ఉంది, దాన్ని తీసి బల్ల మీద పెట్టమని యమున అంది. అతను తీశాడు, చాలాసేపు దాన్నే చూశాడు. మరునాడు ముగ్గురూ బస్సెక్కారు.

నిజామాబాద్‌లో డాక్టరు నడివయసు ఆడమనిషి. ముత్తెమ్మను కడగొద్దని చెప్పలేదు. కడిగాక భయం పోతుందా అని అడిగింది. పోతుంది, కానీ కాసేపట్లో మళ్లీ వస్తుందని ముత్తెమ్మ చెప్పింది. ఏమవుతుందని భయం అని అడిగితే, కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకోలేక, కుర్చీ చేతుల మీద పెట్టుకోలేక గాల్లోనే ఉంచింది.

“నా చేతులతోనే పెట్టిన,” అంది చివరికి. “వాసన వస్తలేదని ఎర్కే. అయినా నా చేతులతోనే బువ్వ పెట్టిన. ఆయన తిన్నడు, పోయిండు.”

సంతోష్ ఆ మాట మొదటిసారి వింటున్నాడు. లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. డాక్టరు వాదించలేదు. ఆ ఏడు ఎవరినుంచి ఎవరికి వచ్చిందో దేవుడికి కూడా తెలియదని మాత్రం అంది. ఇది చాలామందికి ఉండే జబ్బని, మందులున్నాయని, మందులతో పాటు ఒక సాధన కూడా ఉందని చెప్పింది. ఇంట్లో నల్లా ఎవరు కట్టేస్తున్నారని అడిగింది. సంతోష్ తానే అన్నాడు.

“ఇగ మీరు ముట్టుకోవద్దు,” అంది డాక్టరు. “నల్లా ఆమె చేతనే ఉండాలె. ఎంత తగ్గిస్తదో ఆమెనే తగ్గిస్తది. తక్కువైనా సరే, ఆమె తిప్పిందే లెక్క.”

కట్లు విప్పేదాకా యమునే అన్నం తినిపించింది. ఆ రోజులు ముత్తెమ్మకు నరకంలా గడిచాయి. తడి తగలకూడని చేతులు రోజంతా మురికిగానే ఉన్నాయన్న బాధతో గింజుకునేది. ఒక్కోసారి నిద్రలో కూడా వేళ్లు కదిలేవి. మందులు మొదలుపెట్టిన కొత్తలో కడుపులో తిప్పింది, నోరు ఎండింది. మానేస్తానంది. యమున పుట్టింటికి పోతానని బెదిరించి మింగించింది.

కట్లు విప్పాక చేతులు వేరే ఎవరివో అన్నట్టున్నాయి. కొత్త తోలు గులాబీ రంగులో, గీతలు లేకుండా నున్నగా ఉంది. సంతోష్ షవర్ ఊడదీసి, ఆ చోట మామూలు నల్లా పెట్టించాడు. దానికి కూడా జాలీ బిళ్ళ బిగించాడు. గేట్ వాల్వ్ పిడి తిరిగి తగిలించి, ఇక దాని జోలికి రాలేదు.

సాధన అంటే పెద్దగా ఏమీ లేదు. బకెట్ నింపుకోవాలి. నిండగానే నల్లా కట్టేయాలి. ఆ బకెట్‌తోనే స్నానం ముగించాలి. చేతులు కడిగేటప్పుడు సబ్బు రుద్దినంతసేపు ధార ఆపేయాలి. రాసుకుంటే నాలుగు ముక్కలు. మొదటి వారం ముత్తెమ్మ ఒక్కరోజు కూడా చేయలేకపోయింది. నల్లా కట్టేసి, మళ్లీ విప్పి, తలుపు లోపల కూలబడి ఏడ్చేది. యమున బయట పీట వేసుకుని కూర్చునేది. ఎంతసేపు అని అడిగేది కాదు. తోటకూర తుంచుతూ, ధర్పల్లిలో తమ పొలం గురించి, తమ్ముడి చదువు గురించి ఏదో ఒకటి చెప్పేది. లోపల నీళ్లు పారితే పారనిచ్చేది. ఒక పూట లోపల్నుంచి ముత్తెమ్మ, నల్లా పావు వంతే తిప్పిన అంది. యమున సరే అత్తమ్మా అని, తమ్ముడి సంగతి చెప్పడం కొనసాగించింది.

వానాకాలం గడిచేసరికి ముత్తెమ్మ రెండు బకెట్లకు వచ్చింది. దీపావళికి ఒకటిన్నర. చేతులు కడిగేటప్పుడు ధార పెన్సిల్ మందం కూడా ఉండేది కాదు. తానే అంత తిప్పి పెట్టుకునేది. కడగడం మాత్రం రోజుకు ఎన్నోసార్లు ఉండేది. అయినా ఇంట్లో టాంకీ రెండు రోజులు వస్తోంది. హన్మాండ్లు మోటారు తాళం ఎప్పుడో తీసేశాడు గానీ, ఒక మంచి మాట అనలేదు. యమున కడుపుతో ఉంది. అందరూ కుదుటపడ్డామనుకున్నారు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఉగాది దాటకముందే బోరు పూర్తిగా ఎండింది. మోటారు పైకి తీసిన మేస్త్రీ, చుట్టుపక్కల కొత్తగా వేసిన బోర్లన్నీ దీనికంటే లోతని, నీళ్లు అటు దిగిపోయాయని చెప్పాడు. వీధి మొత్తం వాకిళ్లలో డ్రమ్ములు పెట్టుకుని ట్యాంకర్ కోసం ఎదురుచూస్తోంది. యమున ఎనిమిదో నెలలో ధర్పల్లి పోయింది. నీళ్లు లేని ఇంట్లో ఉండొద్దని ఆమె తల్లి వచ్చి తీసుకుపోయింది.

ట్యాంకర్ వచ్చిన రోజు ముత్తెమ్మ బిందెతో నిలబడి ఉంది. హన్మాండ్లు అప్పటికే తాగి ఉన్నాడు. అందరి ముందూ ఆమె బిందెను కాలితో పక్కకు నెట్టాడు.

“నా తమ్ముణ్ని పొట్టన పెట్టుకున్నవ్. ఇప్పుడు బోరును గూడ పొట్టన పెట్టుకున్నవ్. ఇంకేం కడుగుతవ్?”

ఆమె డాక్టరు దగ్గర చెప్పిన మాట ఆయనకు తెలియదు. నోటికి వచ్చింది అన్నాడు. పక్కవాళ్లు ఆయనను లాగేశారు. ముత్తెమ్మ బిందె తీసుకోకుండానే ఇంట్లోకి పోయింది.

ఆ రోజునుంచి మళ్లీ అన్నం ముట్టలేదు. నీళ్లు అడగలేదు, నల్లా జోలికి పోలేదు. కానీ పొడిగుడ్డతో, చీర కొంగుతో, వాకిట్లో ఇసుకతో చేతులు రుద్దుకుంటూనే ఉంది. కొత్త తోలు మళ్లీ చిట్లింది. యమున ఫోన్ చేస్తే బాగానే ఉన్నానని చెప్పమంది. సంతోష్ షోరూంలో సెలవు పెట్టాడు. పెదనాన్న దగ్గరికి పోయి మేస్త్రీ చెప్పింది చెప్పాడు. ఆయన విని, తల తిప్పుకున్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం సంతోష్ తల్లి ఎదురుగా గచ్చు మీద కూర్చున్నాడు. నడుమ ఒక మగ్గులో నీళ్లున్నాయి. ఎప్పటిలా అరవలేదు. ఏం చెయ్యాలో అతనికి తెలియదు. మగ్గును ఆమె వైపు జరిపి అన్నాడు.

“అమ్మా, గా ఏడు నాకు గూడ వాసన రాలేదే. నీకంటె ముందే. దోస్తులతోని తిరిగి వచ్చిన. బాపు పక్కనే పండుకున్న. ఎవ్వరికి చెప్పలేదు.”

ముత్తెమ్మ చేతులు రుద్దడం ఆగిపోయింది. కొడుకు మొహంలోకి చూసింది. నిజమా అని అడగలేదు. వీధి వైపు తొంగిచూసి, గొంతు తగ్గించింది.

“గీ మాట ఇంకెవ్వరితోని అనకు బిడ్డా. మీ పెదబాపు వింటే ఊకోడు. యమునకు గూడ చెప్పకు.”

తర్వాత మగ్గులో నీళ్లతో అతని చేతులే ముందు కడిగింది. మిగిలిన నీళ్లతో తన చేతులు కడుక్కుంది. ఇద్దరూ ఆ పూట చల్లబడ్డ అన్నం తిన్నారు. ఆ మాట నిజమో, తల్లికోసం అన్నదో సంతోష్ ఎవరికీ చెప్పలేదు. ముత్తెమ్మకు దానితో జబ్బు నయం కాలేదు. ఇంకో భయం కూడా తోడైంది, కొడుకు మీద ఆ నింద పడుతుందేమోనని. అయితే ఆ భయానికి చేతులు కడిగితే పని జరగదు. నోరు మూసుకుని ఉండాలి. అది ఆమెకు చేతనవును.

వానలు పడ్డాక బోరులో కొంత ఊట వచ్చింది. రోజూ కాసేపు మాత్రమే మోటారు ఆడుతుంది. యమున ఆడపిల్లను ఎత్తుకుని ఆర్మూర్‌కు వచ్చింది. వర్షిత అని పేరు పెట్టారు. యమున తల్లి కొన్నాళ్లు తోడుండి, కాళ్లు చాపుకుని పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసేది. ముత్తెమ్మ దూరంగా నిలబడి చూసేది. పిల్లను ఒక్కసారీ ఎత్తుకోలేదు. ఊయల తాడు లాగేది, బట్టలు ఆరేసేది, పిల్ల ఏడిస్తే యమునను పిలిచేది. చుట్టాలు వచ్చి, మనవరాలంటే ఇష్టం లేనట్టుందని గుసగుసలాడారు.

తల్లి ధర్పల్లి పోయిన మరునాడు యమున తానే పీట వేసుకుని పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుంది. ఒక చేత్తో తల పట్టుకుని ఇంకో చేత్తో సబ్బు రాయాలి, నీళ్లు పోసే చెయ్యి లేదు. అత్తను పిలిచింది.

“నువ్వు ముట్టుకోకు అత్తమ్మా. నీళ్లు పోస్తే చాలు.”

ముత్తెమ్మ గుమ్మం దగ్గరే ఆగింది. తర్వాత వచ్చి, గోరువెచ్చని బకెట్ పక్కన కూర్చుని, మగ్గు ముంచింది. వేళ్లు తగలకుండా చెయ్యి పైకెత్తి పోసింది. ధార సన్నగా, ఎక్కడా తెగకుండా పడింది. పిల్ల కళ్లలో చుక్క పడలేదు. సగం బకెట్‌లోనే స్నానం అయిపోయింది. లేచి పోయి చేతులు కడుక్కుంది, వచ్చి మళ్లీ కడుక్కుంది.

అప్పటినుంచి రోజూ నీళ్లు పోయడం ఆమె పనే అయింది. నిజామాబాద్ డాక్టరు మందులు ఇంకా కొన్నేళ్లు వాడాలంది. హన్మాండ్లు వాకిట్లో ఎదురుపడితే ఆమె కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుంటుంది. ఆయన ఇప్పటికీ ఆమెతో మాట్లాడడు. పసుపు షెడ్డునుంచి ఎవరూ కబురు పంపడం లేదు. వర్షిత ఇప్పుడు పాకుతోంది. మొన్న ఒకరోజు నీళ్లు పోస్తుండగా పిల్ల చెయ్యి చాపి అవ్వ బొటనవేలు పట్టుకుంది. ముత్తెమ్మ విడిపించుకోలేదు. మగ్గు ఎడమ చేతిలోకి మార్చుకుని, పిల్ల దానంతట అది వదిలేదాకా అట్లాగే కూర్చుంది. యమున సబ్బు రాయడం ఆపి చూసింది. స్నానం ముగిశాక ముత్తెమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది. నల్లా చప్పుడు చాలాసేపు వినిపించింది.